అల్లకల్లోల సముద్రంలో మెయిన్ ఇంజిన్ స్థితిని సిమ్యులేషన్‌తో గమనించవచ్చా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. ఆరు సిలిండర్ల టూ-స్ట్రోక్ మెయిన్ ఇంజిన్ ఉన్న బల్క్ క్యారియర్‌లో మీరు ఫోర్త్ ఇంజనీరుగా పనిచేశారు. జులైలో అరేబియా సముద్రం దాటుతుండగా, నైరుతి రుతుపవనాల అలల్లో, నౌకలోని పెర్ఫార్మెన్స్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతలు పెరిగాయని, టర్బోచార్జర్ (ఎగ్జాస్ట్ వాయువు శక్తితో తిరిగి సిలిండర్లకు గాలిని నెట్టే యంత్రం) పనితీరు దిగజారిందని వరుసగా హెచ్చరించింది. సముద్రం శాంతించాక ఆ హెచ్చరికలు వాటంతట అవే పోయాయి. ఇప్పుడు విశాఖపట్నంలో ఎం.టెక్ ప్రాజెక్టుగా అల, నౌక, ప్రొపెల్లర్, ఇంజిన్ నాలుగింటినీ కలిపి సిమ్యులేషన్ తయారుచేసి, వాతావరణం వల్ల వచ్చిన తేడాను నిజమైన లోపం నుంచి వేరు చేయవచ్చా అని అడుగుతున్నారు.

వేరు చేయవచ్చు. అయితే మీరు అనుకున్న క్రమం తలకిందులుగా ఉంది. ఇంజిన్ స్థితిని గమనించడమే లక్ష్యమైతే మోడల్ అల దగ్గర మొదలు కాకూడదు, షాఫ్ట్ దగ్గర మొదలు కావాలి. సముద్రం ఎంత ఉగ్రంగా ఉన్నా సిలిండర్లకూ టర్బోచార్జర్‌కూ ఆ సంగతి తెలిసేది ఒకే దారిలో, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద మారిపోతున్న టార్క్ (తిప్పే బలం) రూపంలో. ఆ టార్క్‌కు గవర్నర్ (ఆర్‌పీఎం నిలబెట్టడానికి ఇంధనాన్ని సర్దే పరికరం) ఇచ్చిన జవాబే ఫ్యూయల్ ఇండెక్స్, ఆ రెండింటి ఫలితమే ఆర్‌పీఎం. ఫ్యూయల్ ఇండెక్స్, ఆర్‌పీఎం అనే ఈ రెండు అంకెలనూ మీరు నేరుగా కొలుస్తున్నారు కాబట్టి, ఆ క్షణాన సముద్రం ఇంజిన్‌ను ఎలా బాదుతున్నదో ఆ కొలతల్లోనే ఉంది. అల ఎత్తును అంచనా కట్టి, దాని నుంచి నౌక కదలికను, దాని నుంచి ప్రొపెల్లర్ చుట్టూ నీటి ప్రవాహాన్ని, దాని నుంచి టార్క్‌ను లెక్కగట్టుకుంటూ వస్తే ప్రతి మెట్టు దగ్గరా ఒక పొరపాటు చేరుతుంది. చివరికి మిగిలే అనిశ్చితి, మీరు పట్టుకోవాలనుకున్న రెండు మూడు శాతం క్షీణతను మింగేస్తుంది.

మీ సాఫ్ట్‌వేర్ ఎందుకు అలా ప్రవర్తించిందో ముందు చూద్దాం. అలాంటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఆధారం షాప్ టెస్ట్ వక్రరేఖలు. తయారీదారు టెస్ట్ బెడ్ మీద 25, 50, 75, 100, 110 శాతం లోడ్ల దగ్గర ఇంజిన్‌ను నడిపి, ఉష్ణోగ్రతలు, పీడనాలు స్థిరపడేదాకా ఆగి, అప్పుడు కొలతలు తీసుకుంటారు. వాటిని ఐఎస్ఓ ప్రామాణిక పరిస్థితులకు, అంటే 25 డిగ్రీల గాలి, 25 డిగ్రీల కూలింగ్ నీరు, 1000 మిల్లీబార్ల పీడనానికి సవరిస్తారు. టెస్ట్ బెడ్ మీద లోడ్, ఆర్‌పీఎం రెండూ ప్రొపెల్లర్ సూత్రం ప్రకారం జంటగా కదులుతాయి. శక్తి ఆర్‌పీఎం ఘనానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి 90 శాతం ఆర్‌పీఎం దగ్గర శక్తి 73 శాతం మాత్రమే. ఎదురుగాలిలో, ఎదురు అలలో ఈ జంట విడిపోతుంది. నౌక వేగం పడిపోతుంది, అదే ఆర్‌పీఎం నిలబెట్టడానికి ఎక్కువ టార్క్ కావాలి, ఇంజిన్ హెవీ రన్నింగ్‌లోకి వెళుతుంది. ప్రతి స్ట్రోక్‌కూ పడే ఇంధనం పెరుగుతుంది, దానికి తగ్గ గాలి అందదు, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఇది లోపం కాదు, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ చేయవలసిన పనే. మెట్లెక్కుతున్న మనిషి నాడిని పడుకున్న మనిషి నాడితో పోల్చి జబ్బు అనడం ఎంత తప్పో, ఈ పోలికా అంతే తప్పు.

అందుచేత మొదటి దిద్దుబాటుకు డైనమిక్ సిమ్యులేషన్ కూడా అక్కర్లేదు. ఆధార రేఖను ఒక్క లోడ్ మీద కాకుండా ఆర్‌పీఎం, టార్క్ అనే రెండు అక్షాల మీద వేయండి. షాప్ టెస్ట్ బిందువులన్నీ ఒకే ప్రొపెల్లర్ వక్రరేఖ మీద ఉంటాయి కాబట్టి, మిగిలిన ప్రాంతాన్ని ఒక స్టెడీ-స్టేట్ (స్థిరస్థితి) ఇంజిన్ మోడల్‌తో నింపాలి. లోడ్ రేఖాచిత్రంలో టార్క్ పరిమితి దాకా ఉన్న ప్రాంతమంతా ఇలా నింపితే, వాతావరణం వల్ల వచ్చే తప్పుడు హెచ్చరికల్లో పెద్ద భాగం ఇక్కడే తగ్గుతుంది. ఈ చిన్న పని చేయకుండా నేరుగా న్యూరల్ నెట్‌వర్క్‌లకు పరుగెత్తే ప్రాజెక్టులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. అది నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అందులో సగం శ్రమ ప్రొపెల్లర్ సూత్రాన్ని యంత్రం చేత మళ్ళీ కనిపెట్టించడానికే పోతుంది.

మిగిలిన భాగానికి డైనమిక్ మోడల్ తప్పదు. దానికి కారణం కాలపరిమాణంలో ఉంది. పది సెకన్ల ఆవర్తనం ఉన్న అలను తీసుకోండి. మీ నౌక 12 నాట్ల వేగంతో, అంటే సెకనుకు 6.17 మీటర్లతో దానికి ఎదురెళ్తుంటే, నౌకకు ఆ అల 7.2 సెకన్లకొకసారి తగులుతుంది. అదే అల వెనక నుంచి వస్తుంటే 16.5 సెకన్లకొకసారి. ఇంజిన్ 90 ఆర్‌పీఎం మీద ఉంటే ఎదురు అలలో ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య పదకొండు చుట్లు కూడా తిరగదు. టర్బోచార్జర్ రోటర్ తన వేగాన్ని మార్చుకోవడానికీ, స్కావెంజ్ రిసీవర్ (సిలిండర్లలోకి వెళ్ళే ముందు గాలి నిలిచే పాత్ర) పీడనం దాన్ని అనుసరించడానికీ కొన్ని సెకన్లు పడుతుంది. ఈ రెండు కాలాలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండడమే అసలు చిక్కు. ఎదురు అలలో టర్బోచార్జర్ ఎప్పుడూ ఇంజిన్ కంటే ఒక అడుగు వెనకే ఉంటుంది, ఏ క్షణంలో కొలిచినా స్థిరస్థితి రేఖ మీద దొరకదు. వెనక అలలో ఆ వెనుకబాటు కొంత తగ్గుతుంది. ఒకే ఇంజిన్, ఒకే సగటు లోడ్, ఒకే ఎత్తు అలలు, అయినా దిశ మారేసరికి టర్బోచార్జర్ వేరే తీరులో కనిపిస్తుంది.

కంట్రోల్ రూమ్‌లో నిలబడి చూసినవారికి ఈ చక్రం బాగా తెలుసు. బాలస్ట్‌లో (సరుకు లేకుండా, బరువు కోసం ట్యాంకుల్లో నీటితో) ఉన్న నౌక ముక్కు అలలో దిగి, వెనక భాగం లేస్తుంది. ప్రొపెల్లర్ పైభాగం నీటి ఉపరితలానికి చేరువై గాలిని లాక్కుంటుంది, టార్క్ జారిపోతుంది, ఆర్‌పీఎం సూది ఎగబాకుతుంది. గవర్నర్ వెంటనే ఇంధనం కోస్తుంది. ఎగ్జాస్ట్‌లో శక్తి తగ్గి టర్బోచార్జర్ వేగం పడుతుంది, కానీ స్కావెంజ్ రిసీవర్‌లో పీడనం అంత త్వరగా దిగదు. టర్బోచార్జర్‌లో గాలిని నెట్టే భాగమైన కంప్రెసర్ ఇప్పుడు తన శక్తికి మించిన పీడనానికి ఎదురుగా గాలిని నెట్టవలసి వస్తుంది, నెట్టలేక గాలి వెనక్కి తన్నుతుంది. ఇంజిన్ రూమ్ అంతా అదిరే ఆ మొరుగుడు శబ్దమే సర్జింగ్. ఇంతలో వెనక భాగం నీటిలోకి దిగుతుంది, లోడ్ ఒక్కసారిగా మీద పడుతుంది, గవర్నర్ ఇంధనం పెంచబోతే స్కావెంజ్ పీడన పరిమితి అడ్డుకుంటుంది. ఆ తర్వాత మళ్ళీ మొదటికి. మీ మోడల్ ఈ చక్రాన్ని సరైన క్రమంలో, సరైన ఆలస్యాలతో చూపగలిగితే, అందులో కనిపించే చిన్న తేడాలకు అర్థం ఉంటుంది.

మోడల్ ఎంత పెద్దదిగా ఉండాలన్నది మీ రెండో సందేహం. చిన్నదే చాలు. మీన్ వాల్యూ మోడల్ అనే తరగతి ఉంది. అందులో సిలిండర్ లోపలి దహనాన్ని క్రాంక్ కోణం వారీగా లెక్కించరు, ఒక చక్రానికి సగటు తీసుకుంటారు. టర్బోచార్జర్ వేగం, స్కావెంజ్ రిసీవర్ పీడనం, ఎగ్జాస్ట్ రిసీవర్ పీడనం, ఎగ్జాస్ట్ రిసీవర్ ఉష్ణోగ్రత, ఈ నాలుగు స్థితులు ఉంటే మీకు కావలసిన చలనం దాదాపు అంతా వచ్చేస్తుంది. షాఫ్ట్ సమీకరణాన్ని తీసివేసి, కొలిచిన ఆర్‌పీఎం, ఫ్యూయల్ ఇండెక్స్, ఇంజిన్ రూమ్ గాలి ఉష్ణోగ్రత, పీడనం, కూలింగ్ నీటి ఉష్ణోగ్రతలను ఇన్‌పుట్‌లుగా ఇవ్వండి. మోడల్ చెప్పిన టర్బోచార్జర్ వేగం, స్కావెంజ్ పీడనం, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతలను, టార్క్ మీటర్ ఉంటే టార్క్‌ను కూడా, కొలతలతో పోల్చండి. ఇంత మోడల్ సాధారణ ల్యాప్‌టాప్ మీద నిజకాలం కంటే ఎన్నో రెట్లు వేగంగా నడుస్తుంది. వీబె ఫంక్షన్‌తో దహనాన్ని, వోష్ని సూత్రంతో ఉష్ణ బదిలీని క్రాంక్ కోణం వారీగా లెక్కించే పెద్ద మోడల్ కూడా పనికొస్తుంది, కానీ సిలిండర్ ప్రెషర్ సెన్సార్లు శాశ్వతంగా అమర్చిన ఇంజిన్‌లోనే దాని ఖర్చుకు ఫలితం దక్కుతుంది.

కంప్రెసర్ మ్యాప్ (ఏ వేగంలో ఎంత గాలిని ఎంత పీడనంతో ఇస్తుందో చూపే పటం) ఎక్కడ దొరుకుతుందని మీరు అడగబోతారు. సాధారణంగా తయారీదారులు ఇవ్వరు. షాప్ టెస్ట్ నివేదికలో ఉన్న బిందువులకు తగినట్టుగా, కంప్రెసర్ వేగ రేఖలను దీర్ఘవృత్తాకార వక్రాలుగా అమర్చుకోవచ్చు. సర్జ్ రేఖ (సర్జింగ్ మొదలయ్యే హద్దు) దగ్గర అది కచ్చితంగా ఉండదు, కాబట్టి సర్జింగ్ ఎప్పుడు వస్తుందో ఆ మోడల్ చేత జోస్యం చెప్పించకండి. ఆరోగ్యంగా ఉన్న రోజుల నుంచి మార్జిన్ ఎంత జరిగిందో చూడటానికి మాత్రం అది సరిపోతుంది.

ఇప్పుడు చాలామంది దాటవేసే విషయం దగ్గరికి వస్తాను. మోడల్‌ను ఇంజిన్‌తో పోల్చకూడదు, ఇంజిన్‌ను చూస్తున్న సెన్సార్‌తో పోల్చాలి. ఎగ్జాస్ట్ థర్మోకపుల్ ఒక మందపాటి లోహపు పాకెట్‌లో ఉంటుంది. దాని టైమ్ కాన్‌స్టంట్ (మార్పును అందుకోవడానికి పట్టే కాలపు కొలత) 30 సెకన్లు అనుకుందాం. 7.2 సెకన్ల ఆవర్తనంతో వాయువు ఉష్ణోగ్రత ఊగుతుంటే, ఆ ఊపులో 4 శాతం లోపే సెన్సార్ దాటి బయటికి వస్తుంది. నిజంగా 40 డిగ్రీల ఊపు ఉంటే తెర మీద కనిపించేది డిగ్రీన్నర, అది కూడా దాదాపు పావు చక్రం ఆలస్యంగా. మీ మోడల్ మాత్రం 40 డిగ్రీల ఊపును నిజాయతీగా చూపుతుంది. రెండింటినీ తీసివేస్తే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో కూడా పెద్ద తేడా వస్తుంది, దాన్ని లోపంగా లెక్కిస్తారు. మోడల్ ఔట్‌పుట్‌ను కూడా అదే 30 సెకన్ల ఫిల్టర్ గుండా పంపి, ఆ తర్వాతే తీసివేయండి. ఆ టైమ్ కాన్‌స్టంట్‌ను కూడా ఊహించనవసరం లేదు. బయలుదేరేటప్పుడు, ఆగేటప్పుడు లోడ్ మారే సమయాల్లోని రికార్డు నుంచి దాన్ని తీయవచ్చు. పాకెట్ మీద మసి పేరుకుంటే అది పెరుగుతుంది కూడా, కాబట్టి అప్పుడప్పుడు మళ్ళీ లెక్కించాలి.

ఫ్యూయల్ ఇండెక్స్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాత క్యామ్‌షాఫ్ట్ ఇంజిన్లలో అది ఫ్యూయల్ ర్యాక్ స్థానం నుంచి వస్తుంది, ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న ఇంజిన్లలో కంట్రోలర్ ఇచ్చే ఆదేశం రూపంలో వస్తుంది. రెండింటిలోనూ అది ఇంధనం పరిమాణానికి సూచిక మాత్రమే, ఇంధనంలోని శక్తికి కాదు. ప్రామాణిక ఇంధనం ఉష్ణ విలువను కిలోకు 42.7 మెగాజౌళ్ళుగా తీసుకుంటారు. 2020 జనవరి 1 నుంచి సల్ఫర్ పరిమితి 0.50 శాతానికి తగ్గాక, ఒక రేవులో ఎక్కించుకున్న ఇంధనానికీ మరో రేవులో ఎక్కించుకున్నదానికీ సాంద్రతలోనూ ఉష్ణ విలువలోనూ తేడాలు ఉంటున్నాయి. బంకర్ (నౌకలో ఎక్కించుకున్న ఇంధనం) మార్చిన రోజున మోడల్ తేడా ఒక్కసారిగా మెట్టులా జరిగితే అది ఇంజిన్ అరుగుదల కాదు, ఇంధనం. అరుగుదల ఎప్పుడూ అలా రాదు. బంకర్ మార్పు సమయాన్ని మీ డేటాలో ఒక ప్రత్యేక గుర్తుగా నమోదు చేయకపోతే ఈ తేడాను తరవాత ఎవరూ విడదీయలేరు.

గవర్నర్ ఏ విధానంలో ఉందో కూడా నమోదు కావాలి. స్థిర ఆర్‌పీఎం విధానంలో గవర్నర్ ప్రతి అలనూ వెంబడించి ఇంధనాన్ని ఊపుతుంది. రఫ్ సీ మోడ్ పెడితే ఆర్‌పీఎం కొంత ఊగడాన్ని అనుమతించి ఇంధనాన్ని నిలకడగా ఉంచుతుంది. ఉష్ణ భారం దృష్ట్యా నాకు రెండోదే నచ్చుతుంది, చాలామంది చీఫ్ ఇంజనీర్లు కూడా అదే చేస్తారు. టార్క్ పరిమితి, స్కావెంజ్ పీడన పరిమితి, 2023 నుంచి చాలా నౌకల్లో వచ్చి చేరిన ఇంజిన్ పవర్ పరిమితి, వీటిలో ఏది ఏ క్షణంలో పనిచేస్తోందన్న ఒక్క బిట్ సమాచారం మీ విశ్లేషణలో ఎంతో అయోమయాన్ని తప్పిస్తుంది. లేకపోతే పరిమితి కోసిన ఇంధనాన్ని చూసి ఫ్యూయల్ పంపు బలహీనపడిందని అనుకుంటారు.

ఇక సిలిండర్ల మధ్య తేడాల సంగతి. అల్లకల్లోలంలో ఒక్క సిలిండర్ బలహీనతను పట్టుకోవడం అసాధ్యమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఎదురు అల వల్ల ఆర్‌పీఎం ఊగే పౌనఃపున్యం 0.14 హెర్ట్జ్. 90 ఆర్‌పీఎం అంటే సెకనుకు ఒకటిన్నర చుట్లు, అంటే 1.5 హెర్ట్జ్. ఆరు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో అన్ని సిలిండర్లూ సమానంగా పనిచేస్తుంటే దహనం వల్ల వచ్చే ప్రధాన కంపనం చుట్టుకు ఆరుసార్లు, అంటే ఆరో ఆర్డర్‌లో ఉంటుంది, నాలుగు రెక్కల ప్రొపెల్లర్‌ది నాలుగో ఆర్డర్‌లో ఉంటుంది. ఒక ఇంజెక్టర్ పాడైనా, ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ లీకైనా మొదటి ఆర్డర్ లేస్తుంది, అంటే చుట్టుకొకసారి షాఫ్ట్ కొంచెం తడబడుతుంది. అలకూ ఈ తడబాటుకూ మధ్య పది రెట్ల ఎడం ఉంది, ఒకదానిలో ఒకటి కలిసిపోవు. అయితే ఆర్‌పీఎం నిరంతరం మారుతున్నప్పుడు కాలం ప్రకారం శాంపిల్ తీస్తే ఆర్డర్లు చెరిగిపోతాయి. ఫ్లైవీల్ పళ్ళ నుంచి వచ్చే పల్స్‌ల ఆధారంగా క్రాంక్ కోణం ప్రకారం శాంపిల్ తీయాలి, ఆ పికప్‌లు గవర్నర్ కోసం ఎలాగూ అమర్చి ఉంటాయి. వందలాది చుట్లను ఫ్యూయల్ ఇండెక్స్ స్థాయిల వారీగా గుంపులు చేసి, ఒక్కో గుంపులో సగటు చూడండి. మొదటి ఆర్డర్ దశ ఏ సిలిండర్ వైపు చూపుతోందో ఆ సిలిండర్ ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత తేడాతో సరిపోతే, మర్నాడు ఇండికేటర్ కార్డు (సిలిండర్ పీడన రేఖాచిత్రం) తీసి నిర్ధారించుకోవచ్చు.

ఆర్‌పీఎం ఊపు గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అయిదు, ఆరు సిలిండర్ల ఇంజిన్లకు టార్షనల్ కంపనం (షాఫ్ట్ మెలితిరిగే కంపనం) కారణంగా నిషిద్ధ ఆర్‌పీఎం పరిధి ఉండటం మామూలు. వాతావరణం చెడినప్పుడు వేగం తగ్గించి ఆ పరిధికి కాస్త పైన నిలిపితే, సగటు ఆర్‌పీఎం బయటే ఉన్నా ప్రతి అలకూ షాఫ్ట్ ఆ పరిధిలోకి జారి వస్తుంటుంది. పది నిమిషాల సగటులు మాత్రమే దాచే లాగర్‌లో ఈ సంగతి కనిపించనే కనిపించదు. నిషిద్ధ పరిధిలో గడిచిన సెకన్లను కూడే ఒక చిన్న లెక్కింపును మీ వ్యవస్థలో తప్పక పెట్టండి. టార్షనల్ మోడల్ కూడా ఉంటే ఆ సెకన్లను షాఫ్ట్ అలసటగా మార్చి చూపవచ్చు.

సగటులతో మరో చిక్కు ఉంది. ఆర్‌పీఎం సగటుకు అటూ ఇటూ 10 శాతం ఊగుతుంటే, ఘనాల సగటు సగటు ఘనం కంటే 1.5 శాతం ఎక్కువ. ఇంజిన్‌లోని సంబంధాలు చాలావరకు ఇలా వంకర రేఖలే కాబట్టి, ముందు సగటు తీసి తర్వాత మోడల్‌లో పెట్టడం, ముందు మోడల్‌లో పెట్టి తర్వాత సగటు తీయడం ఒకటి కావు. రెండోదే చేయండి. దానికి సెకనుకు కనీసం అయిదు శాంపిళ్ళు ఉంటే హాయిగా ఉంటుంది. ఎక్కువ నౌకల్లో నిమిషానికొకటి దాస్తారు, రోజూ మధ్యాహ్నం పంపే నూన్ రిపోర్టులో రోజుకొకటి. ప్రాజెక్టు కోసం మీరు కంపెనీని అడగవలసిన మొదటి విషయం ఇదే.

తేడాలు చేతికి వచ్చాక వాటిని ఒక్కొక్కటిగా హద్దుతో పోల్చి హెచ్చరికలు మోగించడం నాకు నచ్చని పద్ధతి. కంప్రెసర్ సామర్థ్యం, టర్బైన్ నాజిల్ రింగ్ (ఎగ్జాస్ట్ వాయువును టర్బైన్ రెక్కల మీదికి మళ్ళించే వలయం) ప్రభావిత వైశాల్యం, ఎయిర్ కూలర్ పీడన నష్టం, దహన సామర్థ్యం, ఇలాంటి కొద్ది ఆరోగ్య పరామితులను మోడల్‌లో చేర్చి, ఎక్స్‌టెండెడ్ కాల్మన్ ఫిల్టర్ (మోడల్ అంచనాను కొలతలతో నిరంతరం సవరించే గణిత పద్ధతి) ద్వారా అవి నెమ్మదిగా జరిగేలా వదలండి. అలలు సెకన్లలో మారుతాయి, మసి పేరుకోవడం వారాల్లో జరుగుతుంది. ఫిల్టర్‌కు ఈ రెండు వేగాల తేడాను చెప్పడమే మీ పని. నాజిల్ రింగ్ మీద మసి చేరితే వైశాల్యం తగ్గి, ఎగ్జాస్ట్ రిసీవర్ పీడనం, టర్బోచార్జర్ వేగం పెరిగే వైపు వెళ్తాయి. కంప్రెసర్ మురికైతే స్కావెంజ్ పీడనం తగ్గే వైపు వెళ్తుంది. ఎగ్జాస్ట్ రిసీవర్ పీడనం కొలవని నౌకలో నిశ్చల సముద్రపు డేటాతో కంప్రెసర్ సామర్థ్యాన్ని, టర్బైన్ సామర్థ్యాన్ని విడివిడిగా తేల్చడం చాలా కష్టం, రెండింటి లబ్ధమే బయటపడుతుంది. రోజంతా ఒకే లోడ్ మీద నడిచే ఇంజిన్ తన గురించి చెప్పేది తక్కువ. ప్రతి ఏడు సెకన్లకూ లోడ్ మారుతున్నప్పుడు టర్బోచార్జర్ ఎలా లేస్తోంది, ఎలా దిగుతోందన్న సమాచారం అదనంగా వస్తుంది. టెస్ట్ బెడ్ మీద ఎవరూ ఇవ్వని పరీక్షా సంకేతాన్ని సముద్రం ఉచితంగా ఇస్తోంది. అందుకే రుతుపవనాల డేటాను చెత్తగా భావించి వడగట్టి పారేసే అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

షాఫ్ట్ దగ్గర మొదలుపెట్టిన మోడల్‌కు కనిపించని ప్రమాదాలు కూడా ఉన్నాయి, వాటిని మరిచిపోతే మీ వ్యవస్థ ప్రమాదకరమైన ధీమాను ఇస్తుంది. మొదటిది లూబ్ ఆయిల్ సంప్, అంటే ఇంజిన్ కింద కందెన నూనె చేరే ట్యాంకు. 2019 మార్చి 23న నార్వే తీరంలోని హుస్తాద్‌వికా దగ్గర తుపానులో వైకింగ్ స్కై అనే ప్రయాణికుల నౌక పూర్తిగా శక్తి కోల్పోయి, రాళ్ళ వైపు కొట్టుకుపోయింది. 1,370 మందికి పైగా ఉన్న ఆ నౌక నుంచి నాలుగు వందల మందికి పైగా హెలికాప్టర్లలో తరలించవలసి వచ్చింది. నాలుగు డీజిల్ జనరేటర్లలో ఒకటి టర్బోచార్జర్ లోపంతో అప్పటికే ఆగి ఉంది. నడుస్తున్న మూడింటి సంప్ ట్యాంకుల్లో ఆయిల్ 28 నుంచి 40 శాతం మధ్య ఉందని, ఇంజిన్ తయారీదారు సూచించింది 68 నుంచి 75 శాతమని దర్యాప్తు సంస్థ ఆ ఏడాదే వెల్లడించింది. నౌక ఊగుడుకు ఆయిల్ పక్కకు ఒరిగి ఆయిల్ పంపు సక్షన్ పైపు గాలిని పీల్చింది, పీడనం పడిపోయి ఇంజిన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. థర్మోడైనమిక్ మోడల్ ఎంత గొప్పదైనా ఈ ప్రమాదాన్ని చివరి సెకను దాకా చూడలేదు, ఎందుకంటే దహనంలో ఏ లోపమూ లేదు.

దీనికి వేరే సిమ్యులేషన్ కావాలి, అది మరీ సులభం. ప్రొపల్షన్ యంత్రాలు 22.5 డిగ్రీల రోలింగ్‌లో, దానితో పాటు 7.5 డిగ్రీల పిచింగ్‌లో కూడా పనిచేయాలని సోలాస్ (సముద్రంలో ప్రాణ భద్రతకు అంతర్జాతీయ ఒప్పందం) నిబంధన చెబుతుంది. మూడు మీటర్ల వెడల్పు ట్యాంకు 22.5 డిగ్రీలు ఒరిగితే ఒక అంచున ఆయిల్ మట్టం 62 సెంటీమీటర్లు దిగుతుంది, ఆయిల్ అటూ ఇటూ ఎగిసిపడటాన్ని ఇందులో కలపలేదు. ట్యాంకు కొలతలు, సక్షన్ పైపు నోరు ఉన్న చోటు, ఇప్పటి మట్టం, మోషన్ సెన్సార్ ఇచ్చే రోల్, పిచ్ కోణాలు, ఈ నాలుగూ ఉంటే సక్షన్ మీద ఎంత ఆయిల్ మిగిలిందో ప్రతి సెకనూ చెప్పవచ్చు. అంతకంటే విలువైన ఉపయోగం మరొకటి ఉంది. రేపటి వాతావరణ సూచన ప్రకారం నౌక ఎన్ని డిగ్రీలు ఊగవచ్చో తీసుకుని, ఈరోజే సంప్‌లో ఎంత ఆయిల్ నింపాలో చెప్పవచ్చు. మీ ప్రాజెక్టులో ఒక్క భాగాన్నే పూర్తి చేయగలిగితే, ఈ భాగాన్నే చేయమంటాను.

రెండోది ఇంధన ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డి. నౌక బాగా ఊగినప్పుడు అది లేచి ఫిల్టర్లకు చేరుతుంది. ఆటోమేటిక్ ఫిల్టర్ తనను తాను కడుక్కునేందుకు గంటకు ఎన్నిసార్లు బ్యాక్‌ఫ్లష్ అవుతోందో లెక్కపెట్టడం కంటే మంచి సూచిక నేను చూడలేదు. మూడోది స్టెర్న్ ట్యూబ్ బేరింగ్, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ నౌక వెనక నుంచి బయటికి వచ్చే చోట దాన్ని మోసే బేరింగ్. ప్రొపెల్లర్ సగం తేలినప్పుడు థ్రస్ట్ మధ్యలో ఉండదు, షాఫ్ట్ వంగే దిశ మారుతుంది. అక్కడ ఉష్ణోగ్రతను, చుక్కాని కోణాన్ని, డ్రాఫ్ట్‌ను (నౌక మునిగిన లోతును) కలిపి చూడాలి.

అయితే అలల మోడల్ ఎందుకూ పనికిరాదా? పనికొస్తుంది, కానీ మీ వ్యవస్థను పరీక్షించడానికి. నిజమైన ఇంజిన్‌లో నాజిల్ రింగ్‌ను కావాలని మురికి చేయలేరు. సిమ్యులేషన్‌లో చేయవచ్చు. ఇక్కడ మాత్రం మీరు మొదట అనుకున్న పూర్తి గొలుసు కావాలి. అందులో అలల స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యంలో ఎంత అల శక్తి ఉందో చూపేది), నౌక కదలిక, మునక తగ్గినప్పుడు టార్క్ ఎంత పోతుందో చెప్పే ప్రొపెల్లర్ మోడల్, గవర్నర్, ఇంజిన్ అన్నీ ఉండాలి. ప్రొపెల్లర్‌కు వాగెనింగెన్ బి-సిరీస్ వక్రరేఖలు (ప్రొపెల్లర్ల ప్రామాణిక పరీక్షా ఫలితాలు) చాలు. జాన్‌స్వాప్ అనే ప్రసిద్ధ అలల స్పెక్ట్రమ్ ఉత్తర సముద్రపు కొలతల నుంచి, ఇంకా ఎదుగుతున్న అలల నుంచి వచ్చింది. జులైలో అరేబియా సముద్రంలో దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి వచ్చే స్వెల్ (దూరపు గాలులు లేపిన పొడవాటి అలలు) కూడా కలుస్తుంది కాబట్టి, ఒకే శిఖరం ఉన్న స్పెక్ట్రమ్‌తో సరిపెట్టుకోకండి. మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సంస్థ అరేబియా సముద్రానికీ బంగాళాఖాతానికీ అలల సూచనలు ఇస్తుంది, అలలను కొలిచే వేవ్ రైడర్ బోయాలు కూడా నడుపుతుంది. మీ దారిలోని సముద్రం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి అక్కడి నుంచి మొదలుపెట్టండి. లోపం ఉన్న ఇంజిన్, లోపం లేని ఇంజిన్ రెండింటినీ ఒకే అలల్లో నడిపి, మీ ఫిల్టర్ ఎంత క్షీణత దగ్గర, ఎన్ని గంటల తర్వాత దాన్ని పట్టుకుందో చూడండి. తర్వాత లోపం లేకుండా అలల ఎత్తు మాత్రమే పెంచి, అది మౌనంగా ఉంటుందో లేదో చూడండి. ఈ రెండో పరీక్ష పెట్టకుండా మొదటి పరీక్ష ఫలితాలను మాత్రమే చూపించే పని మీద నాకు నమ్మకం ఉండదు.

ఒక విషయంలో మాత్రం రాజీ పడకండి. మోడల్ చెప్పిందని అలారం సెట్ పాయింట్లను, ట్రిప్‌లను (ఇంజిన్‌ను తనంతట తానే ఆపే రక్షణలను) ఎన్నడూ కదపకూడదు. గవర్నర్ వేగాన్ని రేటెడ్ ఆర్‌పీఎం కంటే 15 శాతం మించనివ్వకూడదని, విడిగా ఉండే ఓవర్‌స్పీడ్ రక్షణ 20 శాతం లోపే పనిచేయాలని క్లాసిఫికేషన్ సంస్థల (నౌకలను తనిఖీ చేసి ధ్రువీకరించే సంస్థల) నియమాలు చెబుతాయి. లూబ్ ఆయిల్ పీడనానికి కూడా ఇలాగే విడి రక్షణ ఉంటుంది. అవి మీ కంప్యూటర్‌కు పూర్తిగా దూరంగా, తమ సొంత సెన్సార్లతో ఉండాలి. మీ వ్యవస్థ చెప్పవలసింది సెకండ్ ఇంజనీర్ తెల్లవారి చదివే నాలుగు వాక్యాలు. ఉదాహరణకు, గత వారంలో నాజిల్ రింగ్ వైశాల్యం నిలకడగా తగ్గుతోంది, వాతావరణ ప్రభావాన్ని తీసేశాక కూడా తగ్గుదల మిగిలింది, టర్బైన్ సైడ్ డ్రై క్లీనింగ్ చేసి మళ్ళీ చూడండి అని. రాత్రి రెండింటికి, అన్‌మ్యాన్డ్ ఇంజిన్ రూమ్‌లో, నౌక ఇరవై డిగ్రీలు ఊగుతున్నప్పుడు మనిషిని నిద్రలేపే మరో అలారం ఎవరికీ అక్కర్లేదు.

మొదలుపెట్టడానికి మీరు పనిచేసిన నౌక షాప్ టెస్ట్ నివేదిక, సీ ట్రయల్ నివేదిక, ఒక ప్రశాంతమైన ప్రయాణం, ఒక జులై ప్రయాణం, ఈ రెండింటి హైస్పీడ్ డేటా సంపాదించండి. ప్రశాంతమైన ప్రయాణంతో మోడల్‌ను సరిచేయండి, ఏమీ మార్చకుండా జులై ప్రయాణం మీద నడపండి. టర్బోచార్జర్ వేగంలో మిగిలే తేడాకు అల ఆవర్తనంతో పోలిక ఇంకా కనిపిస్తుంటే, రోటర్ జడత్వం, రిసీవర్ ఘనపరిమాణం, సెన్సార్ ఆలస్యం, ఈ మూడింటిలో ఏదో సరిగ్గా లేదు. ఆ పోలిక పోయేదాకా ఆరోగ్య పరామితుల జోలికి వెళ్ళకండి.